ముందు ఫీజు... తర్వాతే సాయం!

పీజీ సీటొచ్చింది. ఫీజు సర్కారే కడుతుందన్న ధీమా ఉంది. అయినా నల్గొండ, పాలమూరు పల్లెల్లో అమ్మ మెడలోని పుస్తెలతాడు కుదువ దుకాణం దాకా ఎందుకు పోతోంది? సాయం లేక కాదు. అది ఎప్పుడొస్తుందో ముందుగా లెక్క వేసుకోకపోవడం వల్ల!

దేవరకొండ వైపు ఓ ఊరు అనుకోండి. అక్టోబరు నెల. చేలో పత్తికాయ ఇంకా పూర్తిగా పగల్లేదు. ఆ ఇంటి అమ్మాయికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటొచ్చిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంట్లో పండగే పండగ! వాళ్ల ఇంట్లో డిగ్రీ దాటుతున్న మొదటి మనిషి ఆ పిల్లే మరి. రాత్రి అన్నాల దగ్గర అసలు మాట బయటికొచ్చింది.

''ఎంత కట్టాల్నట బిడ్డా?''

''నలభై వేలు నాయినా. మల్ల గవర్నమెంటే ఇస్తది.''

''ఇస్తది సరే... ఎప్పుడిస్తది?''

అమ్మాయి దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున్నే నాయిన తెలిసినాయన దగ్గరికి అప్పుకు బయల్దేరాడు.

ఈ ఇల్లు ఊహించి చెప్పిందే. కానీ ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పీజీ చదివే పిల్లలున్న ఏ ఇంటి తలుపు తట్టినా ఇలాంటి మాటే వినిపిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది, హాస్టళ్లున్నాయి, బ్యాంకు రుణాలున్నాయి, విదేశాలకు వెళ్తే 20 లక్షలిచ్చే పథకాలూ ఉన్నాయి. అన్నిటికీ ఒకటే మెలిక... కట్టాల్సింది ముందు, వచ్చేది తర్వాత! ఆ మధ్యకాలాన్ని ఎలా దాటాలన్నదే అసలు పరీక్ష.

రెండు క్యాలెండర్లు
ఎమ్మెస్సీ, ఎంఏ, ఎంకామ్‌లకు సీపీగెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్. కౌన్సెలింగ్‌లు పూర్తయి కాలేజీలో చేరేసరికి దాదాపు ఆగస్టు నుంచి అక్టోబరు అవుతుంది. రైతు ఇంట్లో అది చేతిలో పైసా ఆడని కాలం. వానాకాలం పంటకు పెట్టుబడి అప్పటికే నేలలో కలిసిపోయి ఉంటుంది. పత్తి ఇంటికొచ్చి, అమ్ముడుపోయి, డబ్బు చేతికందేది ఆ తర్వాతే. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాల సంగతి మరీ కష్టం. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు మీదే ఇల్లు నడుస్తుంది. అందులోంచి ఫీజుకు తీస్తే ఆ పూటకు గింజలుండవు.

దాంతో చాలామంది వెళ్లేది వడ్డీ వ్యాపారి దగ్గరికే. నూటికి రెండు రూపాయల మిత్తికి నలభై వేలు తెచ్చారనుకోండి. నెలకు 800. ఏడాదికి 9,600. పీజీ రెండేళ్లూ ఆ అప్పు అలాగే ఉంటే మిత్తే 19,200 అవుతుంది. ప్రభుత్వం చివరికి పూర్తి ఫీజు చెల్లించినా సరే, ఈ మిత్తి సొమ్మును ఏ పథకమూ తిరిగివ్వదు. 'ఉచిత' చదువుకు ఆ ఇల్లు కట్టిన అసలు ధర అదే!

పట్నం దాకా పోనక్కర్లేదు
చదువుకు డబ్బు అడ్డు కాకూడదన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. వనపర్తి ప్రాంతంలో పుట్టి హైదరాబాద్ కొత్వాల్‌గా పేరు తెచ్చుకున్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1918లో పట్నంలో రెడ్డి హాస్టల్ స్థాపనకు ముందు నిలిచారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఆ తర్వాతి కాలంలో దాని బాధ్యతలు చూశారు. పల్లె పిల్లాడికి పట్నంలో ఉండేందుకు చోటు, తినేందుకు తిండి దొరికితే చాలు... మిగతాది వాడే చూసుకుంటాడన్నది ఆనాటి పెద్దల నమ్మకం.

పై చదువే జిల్లాకు రావడం మాత్రం చాలా ఆలస్యమైంది. ఉస్మానియా పీజీ సెంటర్లతో నెట్టుకొచ్చిన ఈ రెండు జిల్లాలకు సొంత విశ్వవిద్యాలయాలు వచ్చింది 2007, 2008లలో. నల్గొండకు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌కు పాలమూరు విశ్వవిద్యాలయం. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పాలమూరు వర్సిటీ పీజీ సెంటర్లూ ఉన్నాయి. 2025లో రాష్ట్రం మొత్తానికీ ఐసెట్ నిర్వహించింది నల్గొండ వర్సిటీయే. ఇంటికి దగ్గర్లో సీటు దొరికితే గది అద్దె, మెస్ బిల్లు, ప్రయాణ ఖర్చు తగ్గుతాయి. హైదరాబాద్‌లో సీటు, జిల్లాలో సీటు రెండూ వచ్చినప్పుడు ట్యూషన్ ఫీజొక్కటే పోల్చి చూడటం చాలామంది చేసే పొరపాటు. రెండేళ్ల ఖర్చు మొత్తాన్నీ పక్కపక్కన రాసి చూస్తే లెక్క మారిపోవచ్చు.

ఫైలు ప్రయాణం
ఫీజు రీయింబర్స్‌మెంటు వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2008-09లో పెద్దఎత్తున మొదలైంది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ కూడా కొనసాగించింది. ఇందులో రెండు రకాల డబ్బు ఉంటుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలీదు. ట్యూషన్ ఫీజు కింద వచ్చేది ఆర్‌టీఎఫ్. ఇది కాలేజీకి చేరుతుంది. భోజనం, పుస్తకాల్లాంటి ఖర్చులకు ఇచ్చేది ఎంటీఎఫ్... మామూలుగా మనం స్కాలర్‌షిప్ అనేది. ఇది విద్యార్థి ఖాతాకు వస్తుంది.

ఎవరికి వస్తుంది? ఎస్సీ, ఎస్టీ కుటుంబాల వార్షికాదాయం 2 లక్షల లోపుండాలి. బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి. 75 శాతం హాజరు తప్పనిసరి. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లకు రాదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. 'ముందు చేరిపో, తర్వాత చూసుకుందాం' అన్న ఏజెంటు మాట నమ్మి స్పాట్‌లో చేరితే, రెండేళ్ల ఫీజూ సొంత జేబులోంచే పెట్టుకోవాలి. ఒకసారి పీజీ చేసి, అదే స్థాయిలో మరో కోర్సు చేస్తామన్నా కుదరదు.

దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతా... అన్నింట్లో పేరు ఒకేలా ఉండాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉందంటే ఫైలు అక్కడే ఆగుతుంది. వేలిముద్ర వేసి, ప్రింటు కాపీని కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ సరిచూసి సంక్షేమశాఖకు పంపుతుంది. అక్కడి అధికారులు మంజూరు చేస్తే బిల్లు ఖజానాకు చేరుతుంది. ఇక అక్కడ... డబ్బు విడుదలయ్యేదాకా నిరీక్షణే.

ఆ నిరీక్షణ నెలలతో ఆగడం లేదు, ఏళ్లకు పాకుతోంది. బకాయిలు పేరుకుపోయి జీతాలివ్వలేకపోతున్నామంటూ 2025 నవంబరు 3 నుంచి రాష్ట్రవ్యాప్తంగా ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. ప్రభుత్వంతో చర్చల తర్వాత కొద్దిరోజుల్లోనే విరమించాయి. అధ్యాపకుడికి జీతం రాకపోయినా, విద్యార్థికి సర్టిఫికెట్ రాకపోయినా మూలం ఒకటే... రావాల్సిన డబ్బు వేళకు రాకపోవడం.

సర్టిఫికెట్ల చిక్కు
కోర్సు పూర్తయిన రోజున అసలు కష్టం మొదలవుతుంది. 'మీ రీయింబర్స్‌మెంటు ఇంకా రాలేదు. బాకీ కట్టి టీసీ, మెమోలు తీసుకెళ్లండి' అన్న మాట వినని పిల్లలు తక్కువ. ఉద్యోగానికి పిలుపొస్తుంది. ఒరిజినల్స్ అడుగుతారు. పీహెచ్‌డీలోనో బీఈడీలోనో సీటొస్తుంది. టీసీ కావాలంటారు. సర్కారు కట్టాల్సిన సొమ్ముకు విద్యార్థి భవిష్యత్తు తాకట్టులో ఉంటుంది. వేరే దారిలేక ఇంట్లోవాళ్లు మళ్లీ అప్పు చేసి బాకీ తీర్చి కాగితాలు తెచ్చుకుంటారు.

దీనిపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం... అదే యూజీసీ... ఏమంటోంది? ప్రవేశాల సమయంలో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిపోల్చుకుని వెంటనే తిరిగిచ్చేయాలనీ, కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదనీ 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి చేరేరోజే జిరాక్సులు మాత్రమే ఇస్తామని అడిగే హక్కు విద్యార్థికి ఉంది. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే ఏయే పత్రాలు ఇచ్చారో రాసి, ముద్ర వేయించుకుని రసీదు తీసుకోవాలి.

మరో ముఖ్యమైన సంగతి. మీరు బాకీ కట్టేశాక ప్రభుత్వం నుంచి అదే ఏడాది ఫీజు కాలేజీకి చేరితే? ఆ డబ్బు మీది! కట్టినప్పుడు రసీదు తీసుకుని, 'రీయింబర్స్‌మెంటు వచ్చాక ఈ మొత్తం తిరిగి ఇస్తాం' అని దానిమీదే రాయించుకుంటే తర్వాత అడగడానికి ఆధారం ఉంటుంది. ఈ-పాస్‌లో దరఖాస్తు సంఖ్యతో స్టేటస్ చూసుకుంటే ఫైలు ఎక్కడుందో తెలుస్తుంది. చదువు అయిపోయిందని ఆ సంఖ్యను పారేయొద్దు.

మానేస్తే ఎంత వెనక్కి?
ఒకచోట చేరాక ఇంకా మంచి సీటు వస్తుంది. లేదా ఉద్యోగమే వస్తుంది. అప్పుడు కట్టిన ఫీజు సంగతేంటి? 'ఒకసారి కట్టాక రాదు' అని కౌంటర్లో చెప్పే మాటే చివరి మాట కాదు. 2018 నాటి యూజీసీ విధానం ప్రకారం లెక్క ఇదీ...

ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందే మానేస్తే 100 శాతం తిరిగివ్వాలి. ప్రాసెసింగ్ ఖర్చు కింద 5 శాతానికి మించకుండా, అదీ 5,000 రూపాయలు దాటకుండా తీసుకోవచ్చు.
చివరి తేదీకి 15 రోజుల లోపు వ్యవధి ఉండగా మానేస్తే 90 శాతం.
చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు అయితే 80 శాతం.
16వ రోజు నుంచి 30వ రోజు లోపు అయితే 50 శాతం.
నెల దాటితే ట్యూషన్ ఫీజు రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాల్సిందే.

రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంకా ఉదారంగా వ్యవహరించింది. 2024-25లో సెప్టెంబరు 30 లోపు మానేసినవారికి పూర్తి ఫీజు, అక్టోబరు 31 లోపు అయితే గరిష్ఠంగా వెయ్యి రూపాయలు మినహాయించుకుని మిగతాది ఇవ్వాలని చెప్పింది. కాబట్టి చేరిన ఏడాదికి ఏ ఉత్తర్వు ఉందో చూసుకోవాలి.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే... నోటిమాటగా 'మానేస్తున్నాను' అంటే చాలదు. తేదీ వేసిన దరఖాస్తు, అందినట్టు సంతకం ఉండాలి. వారం ఆలస్యంతో 80 శాతం కాస్తా 50 శాతం కావచ్చు. కాలేజీ వినకపోతే యూజీసీ వారి ఇ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

నాలుగెకరాలున్నా...
సర్కారు సాయం అందని వాళ్లకూ, అందినా చాలని వాళ్లకూ మిగిలిన దారి బ్యాంకు విద్యారుణం. మామూలుగా 4 లక్షల దాకా తాకట్టు అడగరు. 4 నుంచి ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి పూచీ అడుగుతారు. ఆపైన ఆస్తి చూపించాలి. చదువు పూర్తయ్యాక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేదు. తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఉంటుంది. రుణం తీర్చేటప్పుడు కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపూ ఉంది.

ఈ రెండు జిల్లాల రైతులకు బ్యాంకులో ఎదురయ్యే చేదు అనుభవం ఒకటుంది. 'నాలుగెకరాలున్నయి సార్, పాస్‌బుక్ తెచ్చిన' అంటే మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. ఎందుకంటే, అప్పు తీర్చకపోతే బ్యాంకు తాకట్టు ఆస్తిని నేరుగా స్వాధీనం చేసుకునేందుకు 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే విద్యారుణానికి చాలా బ్యాంకులు పొలం ఒద్దంటాయి. ఇల్లో, ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో కావాలంటాయి. భూమి ఉండీ అప్పు పుట్టకపోవడంతో కొందరు ఆ భూమినే అమ్మేస్తున్నారు. ఆ తొందర పడేముందు మిగతా దారులు చూడాలి.

కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండి, దేశంలోనే గుర్తింపున్న సంస్థల్లో వృత్తి, సాంకేతిక కోర్సు చదివితే, చదువుకునే కాలానికీ, ఆపై ఏడాదికీ వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. జాతీయ ర్యాంకుల్లో ముందున్న సంస్థల్లో సీటు వస్తే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద తాకట్టు, పూచీ లేకుండానే రుణం దొరుకుతుంది. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా రుణానికి వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. అయితే ఈ రాయితీలు వాటంతట అవి రావు. అడిగి, దరఖాస్తు చేసుకున్న వారికే!

విమానం ఎక్కాక పది లక్షలు
అమెరికాలో ఎంఎస్... ఒకప్పుడు పట్నం మాట. ఇప్పుడు మిర్యాలగూడ, సూర్యాపేట, కల్వకుర్తి ఇళ్లల్లోనూ వినిపిస్తోంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట పథకాలున్నాయి. ఎంపికైతే 20 లక్షల దాకా వస్తుంది. అది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. పేదింటి బిడ్డకు ఇంతకంటే పెద్ద వరం ఏముంటుంది!

కానీ అదెప్పుడు ఇస్తారో చూడండి. మొదటి 10 లక్షలు ఆ దేశంలో అడుగుపెట్టినట్టు కాగితం చూపించాక. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చాక. ఐ-20 కోసం, వీసా కోసం ఖాతాలో డబ్బు చూపించాల్సింది మాత్రం ఎప్పుడో ముందే! అంటే ఎంపికైన విద్యార్థి కూడా మొదట అప్పు చేయాల్సిందే. పైగా దరఖాస్తు చేసిన వాళ్లందరికీ రాదు. వస్తుందన్న ఆశతో 20 లక్షల రుణం తీసుకుని, రాకపోతే? 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 2 లక్షల 20 వేలు. చదువుకునే రెండేళ్లు, ఆపై ఏడాది కలిపితే 6 లక్షల 60 వేలు వడ్డీయే పేరుకుంటుంది. అందుకే విద్యానిధి రాకపోయినా ఈ అప్పు మోయగలమా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

అమెరికా ప్రభుత్వం తన పౌరులకిచ్చే విద్యాసాయం మన పిల్లలకు వర్తించదు. అక్కడ దొరికేది వర్సిటీ ఇచ్చే స్కాలర్‌షిప్పో, టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పో. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. రీఫండ్ సంగతీ అంతే. సెమిస్టర్ మొదలయ్యాక వారాలు గడిచేకొద్దీ వెనక్కొచ్చే మొత్తం తగ్గిపోతుంది. వీసా రాకపోతే డిపాజిట్ తిరిగిస్తారా లేదా అన్నది ఒక్కో వర్సిటీకి ఒక్కోలా ఉంటుంది. 350 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా దరఖాస్తు రుసుము మాత్రం వీసా రాకపోయినా పోయినట్టే.

నెలనెలా వచ్చేవీ ఉన్నాయి
అప్పు మాటే లేకుండా చదివే దారులు మన దగ్గరా ఉన్నాయి. గేట్‌లో అర్హత సాధించి గుర్తింపున్న సంస్థలో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు. డిగ్రీలో మంచి మార్కులొచ్చి రెగ్యులర్ పీజీ మొదటి ఏడాదిలో చేరితే యూజీసీ జాతీయ పీజీ స్కాలర్‌షిప్‌కు పోటీ పడొచ్చు. ఏటా 10 వేల మందికి, నెలకు 15 వేలు, ఏడాదికి పది నెలల చొప్పున ఇస్తారు. పీజీ తర్వాత జేఆర్ఎఫ్ సాధిస్తే 2023 నుంచి నెలకు 37 వేలు. ఇక సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే వారికి మెస్ ఛార్జీలను 2024 చివర్లో నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. హాస్టల్ సీటు దొరికితే ఇంటిమీద పడే బరువులో సగం దిగినట్టే.

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటికి వద్దాం. నాయిన అడిగిన 'ఎప్పుడిస్తది?' అన్నది అమాయకపు ప్రశ్న కాదు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే. సీటు కన్వీనర్ కోటాదా, కాదా? కాలేజీ అడిగే ఫీజుకూ సర్కారు ఇచ్చేదానికీ తేడా ఎంత? అది వచ్చేదాకా ఆగుతారా, ముందే కట్టమంటారా? కడితే తిరిగిస్తామని రాసిస్తారా? ఈ నాలుగూ చేరకముందే అడిగి తెలుసుకుంటే, ఆయన రెండు రూపాయల మిత్తికి కాకుండా భార్య ఉన్న పొదుపు సంఘంలోనో, బ్యాంకులోనో తక్కువ వడ్డీకి అడిగే వ్యవధి దొరుకుతుంది. సర్కారు డబ్బు వేళకు రావడం ఆ ఇంటి చేతిలో లేదు. అది వచ్చేదాకా ఎలా నిలవాలో చూసుకోవడం మాత్రం కొంతైనా వాళ్ల చేతిలో ఉంది.

చేరేముందు... చేరాక
ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు కౌన్సెలింగ్‌కు ముందే తీసి ఉంచుకోండి. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి.
ఈ-పాస్ గడువు చివరి రోజుదాకా ఆగొద్దు. రెండో ఏడాది రెన్యూవల్ మర్చిపోవద్దు.
కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ట్యూషన్ ఫీజు, కాషన్ డిపాజిట్, ఇతర ఫీజులు విడివిడిగా రాయించుకోండి.
ఒరిజినల్స్ ఇవ్వొద్దు. ఇవ్వాల్సి వస్తే జాబితా రాయించుకుని సంతకం తీసుకోండి.
మానేయాలనుకుంటే అదే రోజు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి.
బ్యాంకు రుణం అడిగేటప్పుడు వడ్డీ రాయితీ పథకాల గురించి మీరే అడగండి. బ్యాంకు కాదంటే కారణం కాగితం మీద ఇవ్వమనండి.
నిబంధనలు, ఆదాయ పరిమితులు ఏటా మారొచ్చు. చేరే ఏడాది ఉత్తర్వులను ఒకసారి చూసుకోండి.